అప్‌డేట్‌కు ఆషాఢం

1997 జూలై 31, గురువారం. మా ఉపాధి కార్యాలయంలోని ఒకే ఒక్క కంప్యూటర్‌కు పొద్దున పదకొండింటికి నేనే అప్‌డేట్ ఎక్కించాను. కంపెనీ వాళ్లు పోస్టులో ఒక డబ్బాలో మూడు ఫ్లాపీలు, ఒక కాగితం పెట్టి పంపారు. కాగితంలోని ఆదేశాలను నల్లటి తెర మీద అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. ఇకపై ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా బాగా పనిచేస్తుందని అందులో రాసి ఉంది. పన్నెండింటి నుంచి రెన్యువల్ చీటీలు రావడం ఆగిపోయింది.

మూడింటికి జమ్మికుంట నుంచి కమలవ్వ వచ్చింది. పదో తరగతి పాసై, 1985లో పేరు నమోదు చేయించుకున్న మనిషి. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించకపోతే సీనియారిటీ మొత్తం పోతుంది. ఆమె గడువు ఆ సాయంత్రం ఐదింటి వరకే. బడి ఆయాల జాబితాలో నాలుగో పేరు ఆమెదే.

"రైలు గేటు కాడ బస్సు గంట సేపు ఆగింది సార్. లేకుంటే రెండింటికే వస్తుంటి."

చేత్తో రాసి ఇవ్వడానికి లేదు. కంప్యూటర్ వచ్చిన రోజే పాత రిజిస్టర్లకు తాడు కట్టి సీలు వేశారు.

కంపెనీకి ఫోన్ చేశాను. అప్‌డేట్ తీసేస్తే చాలు, లోపల దాచి ఉంచిన పాత ఫైళ్లు వాటంతట అవే వెనక్కి వస్తాయన్నారు. ఒక్క ఆదేశం కొట్టాలి. కీబోర్డు మీద చేయి పెట్టేసరికి మా ఆఫీసర్ రామేశ్వర్‌రావు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఆగు లింగమూర్తీ. ఈ అప్‌డేట్‌ను స్టాక్ రిజిస్టర్ల ఎక్కించినమా?"

"ఎక్కించినం సార్. గోడ గడియారం కింద, నీళ్ల కూజా పైన."

"మరి రిజిస్టర్ల ఉన్న సామాను తీసేయాలంటే కమిటీ రావాలె, చూడాలె, పనికిరాదని రాయాలె. విరిగిన స్టూలుకు ఎన్ని నెలలైంది?"

"పదకొండు సార్."

"స్టూలుకే పదకొండు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ స్టూలు మీద నుంచి పడింది కూడా ఆయనే.

నా భార్య ప్రమోదిని పోయి నాలుగేళ్లయినా మా రేషన్ కార్డులో ఆమె పేరు అట్లాగే ఉంది. కొట్టేయించడానికి ఏ కాగితాలు పెట్టాలో నాకు తెలుసు. ఇంకా పెట్టలేదు, ఎవరూ అడగలేదు. సర్కారు నెమ్మదిగా నడవడం వల్ల కొందరికి మేలు కూడా జరుగుతుంది. కమలవ్వకు మాత్రం ఇంకా గంటంబావే ఉంది.

"ఏం తీస్తరు, ఏం పెడ్తరు సార్? జర నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి" అంది.

పొద్దున కొత్తది ఎక్కించామని, అప్పటి నుంచి మిషన్ నడవడం లేదని, దించితే నడుస్తుందని, దించడానికే ఆర్డరు లేదని చెప్పాను.

"గింతేనా? గిది ఆషాఢం గద సార్. కొత్త కోడలు అత్తింట్ల ఉండొద్దు. పుట్టింటికి పంపుండ్రి."

"నవ్వులాటనా అమ్మా?" అన్నాడు రామేశ్వర్‌రావు.

"నవ్వులాట ఎందుకైతది సార్? నన్ను గూడ పంపిండ్రు. రేషన్ కార్డుల నా పేరు కొట్టేసిండ్రా? శ్రావణంల మల్ల తోల్కొచ్చుకున్నరు. పంపుడు వేరు, ఇడిసిపెట్టుడు వేరు."

ఆయన నా వైపు చూశాడు. నేను బీరువా వైపు చూశాను.

"అది వచ్చిన డబ్బా అండ్లనే ఉంది సార్" అన్నాను.

రిజిస్టర్ తెచ్చి, రిమార్కుల గడిలో రాశాను: సదరు సామాను తాత్కాలికంగా వచ్చిన డబ్బాలోనే భద్రపరచడమైనది. తీసివేత కాదు. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఎప్పటిదాక?"

"శ్రావణం దాక సార్."

"తేదీ రాయి. శ్రావణం అంటే ఆడిట్‌ల అడుగుతరు."

ఆగస్టు నాలుగు అని రాశాను. సంతకం పెట్టాడు.

ఆదేశం కొట్టాను. నిజంగానే తీసేయాలా అని మిషన్ మళ్లీ ఒకసారి అడిగింది. తీసే ముందు అడిగేవి లోకంలో తక్కువ. అవునన్నాను. పాత ఫైళ్లు ఒక్కొక్కటిగా వెనక్కి రావడానికి అరగంట పట్టింది. మూడు రోజులుగా నాలుగింటికి పోతున్న కరెంటు ఆరోజు పోలేదు. మిషన్‌ను ఆపి మళ్లీ వేశాను. నాలుగూ నలభైకి ప్రింటరు గరగరమంటూ కమలవ్వ చీటీని బయటికి నెట్టింది.

నమోదు తేదీ మీద వేలు పెట్టి ఆమె నెమ్మదిగా చదువుకుంది.

"ఎనబై అయిదే ఉన్నది సార్. పన్నెండేండ్లు యాడికీ పోలే."

రామేశ్వర్‌రావు ముద్ర వేశాడు. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"సోమవారం మల్ల తోల్కొస్తరా దాన్ని?"

"రిజిస్టర్ల రాసినం గదమ్మా" అన్నాడాయన.

"అయితే సోమవారం గడువున్నోళ్లను జర పదింటికే రమ్మనుండ్రి."