చల్లారిన న్సీమ

పోయిన పెళ్ళాం ఫోను తుడిచేయమన్నాక తుడిచేయక ఇంకా చూస్తాడేం ఈ లింబాని, బలాక బజారులో ఫోన్లు బాగుచేసేవాడికి బేరం కావాలా కబుర్లు కావాలా, తుడిస్తే పెద్దమ్మ మాటలన్నీ పోతాయి పెదనాన్నా, మళ్ళీ రావు అంటాడు, పోనీ, మనిషే పోయింది, ఖాళీ చేసి మేనకోడలికి ఇచ్చేస్తే జొనాసికి పీడ వదులుతుంది, ఎనెలెస్‌ని తనకు దక్కనియ్యనిది ఈ ఫోనే, పగలంతా ఆసుపత్రిలో కాన్పులు చేసి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని వాట్సాప్ గ్రూపులో పడుచు నర్సులకు పాఠాలు, పెద్ద డాక్టరు లేని ఊళ్ళట, వాళ్ళు అడగడం, ఈమె ఫోను నోటికి ఆనించుకుని చెప్పడం, తన ముందు మొక్కజొన్న పిండితో వండిన న్సీమ ముద్ద పెచ్చు కట్టడం, వాళ్ళు నీకు చుట్టాలా అంటే, ఒక్క పూట ఆకలికి నువ్వు చావవులే, అక్కడ తల్లి చస్తుంది అనేది, పళ్ళ సందు కనబడేలా నవ్వేది, ఆ సందు, సరే, ఇప్పుడెందుకది, ఆమె పోతే వచ్చారా వాళ్ళు, పువ్వుల బొమ్మలు పంపారు, సమాధి మీద పెట్టుకోను పనికొస్తాయా అవి,

లింబాని వేలు ఆగింది, న్సాంజె నుంచి తియామికె అనే నర్సు మాట పంపిందట, వద్దనేలోపే వినిపించాడు వెధవ, పెదనాన్నగారూ, ఫోను మీ దగ్గరే ఉందనుకుని చెబుతున్నా, పొద్దున ఒకావిడకు కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు, సూదిమందు ఇచ్చి, అమ్మ పాఠం పెట్టుకుని పొత్తికడుపు రుద్దాం, మీ కేక వచ్చేదాకా చెయ్యి తీయలేదు, తల్లీబిడ్డా క్షేమం, నా కేకేమిటి, కిందనే ఆ పాఠమూ పంపింది, జలుబు చేసిన ఎనెలెస్ గొంతు, మందు ఇచ్చారా, ఇక గర్భసంచి మీద చెయ్యి వేసి రుద్దండి, బంతిలా గట్టిపడాలి, మా ఆయన కేకలేసేదాకా ఆపకండి, ఎప్పుడు వేస్తాడో నాకు తెలుసు, తర్వాత పొయ్యి చిటపటలు, రుద్దండి, రుద్దండి, అదిగో తన గొంతే, ముసలిదానా, న్సీమ చల్లారిపోయింది, వెనకే ఆ నవ్వు, ఇంకా మెత్తగా ఉంటే రుద్దుతూనే ఉండండి, ఆయన మళ్ళీ అరుస్తాడు,

లింబాని నవ్వు ఆపుకోలేక తల దించాడు, నవ్వరా, నవ్వు, ఎక్కడో న్సాంజెలో నెత్తుటి చేతులతో ఆడపిల్లలు తన కేక కోసం చెవులు రిక్కించారు, తనని పొయ్యి దగ్గర వదిలేసి ఆమె ఎటో పోయేదనుకున్నాడు ఇన్నేళ్ళూ, పోయిన ప్రతి చోటికీ వెంటబెట్టుకునే పోయింది, ఏమిటి, తుడవనా అంటున్నావా, చార్జింగ్ పెట్టి ఇటియ్యి, ఆ పిల్లకు ఏం చెప్పమంటావు పెదనాన్నా అంటే, ఏముంది, తిన్నదో లేదో అడుగు, చల్లారకముందే తినమను.