ప్లేటు మీద ప్రార్థన నూనె

వాడరేవు అవతల ఓడల యార్డు కడుతున్నారంటే మా ఊళ్ళల్లో చాలామంది నవ్వారు. పత్తీ మిరపా పండించుకునేవాళ్ళం, మనకి ఓడలేమిటని. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా ఉద్యోగమంతా విశాఖలో ఓడల వెల్డింగుతోనే గడిచింది. తన తీరాన్ని కాచుకునే గస్తీ పడవల కోసం పరాయి వాళ్ళ గుమ్మంలో నిలబడే దేశం ఎన్నాళ్ళు నిశ్చింతగా ఉంటుందన్నది నా బాధ. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, చీరాల రోడ్డు పక్కన పాత పొగాకు గోడౌనులో యార్డు వాళ్ళు పెట్టిన శిక్షణ షెడ్డుకి మాస్టారిగా వచ్చాను.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఫెబా చెయ్యి మంచిది. మిరపకోతలకి వెళ్ళే ఎలీసమ్మ కూతురు. నాకు మెచ్చుకోవడం చేతకాదు. నేను "పర్లేదు" అన్నానంటే అదే గొప్పని పిల్లలందరికీ తెలుసు. ఫెబాకి ఆ మాట తరచుగా దొరికేది. పరీక్ష గట్టెక్కితే ఆమెకి యార్డులో వెల్డరు ఉద్యోగం. తప్పితే వచ్చే ఏడాది దాకా తల్లి వెంట మిరప చేలోకే.

పరీక్ష అంటే రెండు ఇనుప ప్లేట్లని అతకడం. ఆ అతుకుని ఎక్స్‌రే తీస్తారు. లోపల బుడగలు కనిపిస్తే తప్పినట్టే. అందుకే అతికే ముందు ప్లేటుని గ్రైండరుతో రుద్ది, జిడ్డు లేకుండా తుడవాలి. జిడ్డు ఉంటే అది కాలి, ఆ పొగ ఇనుములోనే బుడగై కూర్చుంటుంది. ఈ మాట రోజూ గొంతు పోయేలా అరిచి చెప్పేవాణ్ణి.

యార్డు నుంచి వచ్చిన పరీక్షాధికారి అఖిల, ఫెబా ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూపించింది. అతుకు మధ్యలో నల్లటి చుక్కలు. ఫెబాని బయటికి తీసుకెళ్ళాను.

"ప్లేటు తుడిచావా?"

"తుడిచాను సార్. తుడిచాక మా అమ్మ క్యారేజీ తెచ్చింది. ప్రార్థన నూనె తీసి, అతికే చోట సిలువ గుర్తు పెట్టింది."

"చూస్తూ ఊరుకున్నావా?"

"కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి పెట్టింది సార్. ఆమె ముందే ఎట్టా తుడిచేది? ఆమె అక్కడుండగానే మీరు మొదలుపెట్టమన్నారు."

తిట్టబోయిన నోరు మూసుకున్నాను. మా వాళ్ళల్లో కొత్త బండి కొన్నా, బోరు వేయించినా, పిల్లలు పరీక్షకి వెళ్ళినా పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె రాయాల్సిందే. నా హాల్ టిక్కెట్టుకి మా అమ్మా రాసింది. నేనూ తుడవలేదు.

"వెల్డింగు రాడ్లు చెమ్మ పట్టినా బుడగలొస్తాయి. రాడ్లదే తప్పని చెబుతాను. మళ్ళీ పరీక్ష పెడతారు," అన్నాను.

"వద్దు సార్. రాడ్లు మన స్టోరు చూసే కోటిరత్నంగారు ఇచ్చినవి. ఆమె మీదకి వస్తుంది," అంది ఫెబా. నేను ఆపేలోపే లోపలికి వెళ్ళి అఖిలకి జరిగిందంతా చెప్పేసింది.

అఖిల కోప్పడలేదు. "ఇక్కడ పోయింది ఇనుప ముక్కే. అదే పడవ అడుగున అయితే, నడిసముద్రంలో కాపలా కాసేవాళ్ళ ప్రాణాలు పోతాయి. తప్పిందనే రాస్తున్నాను. వచ్చే పరీక్ష దాకా యార్డులో ప్లేట్లు శుభ్రం చేసే పనుంది. చేస్తావా?"

ఫెబా తలూపింది. నాకు ఏడుపొచ్చింది. అఖిల మీద కోపమూ వచ్చింది. ఆమె అన్నదాంట్లో తప్పు దొరక్కపోవడంతో ఆ కోపం ఇంకా పెరిగింది.

మొదటి గస్తీ పడవకి అడుగు ప్లేట్లు అతికే రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ యార్డులోనే ఉన్నాయి. పూజారిగారు పసుపు కుంకుమలతో, పాస్టరుగారు నూనె సీసాతో వచ్చారు. తను తుడిచి సిద్ధం చేసిన ప్లేట్లకి అడ్డంగా ఫెబా నిలబడింది.

"ఇక్కడ వద్దండి. పక్కనున్న ఆ ఇనుప స్టాండుకి పెట్టండి. ఇక్కడ చెయ్యి తగలకూడదు."

"దేవుడి పనికి అడ్డమేంది?" అన్నాడు ఊరి పెద్ద పిచ్చయ్య.

"అతికాక ఎంత కావాలంటే అంత రాయండి పెద్దయ్యా." ఫెబా పక్కకి జరగలేదు. పూజారిగారు స్టాండుకి బొట్లు పెట్టారు. పాస్టరుగారు సీసా జేబులో వేసుకుని, దూరం నుంచే చేతులెత్తి ప్రార్థించారు.

జనం వెనక్కి తగ్గాక ఎలీసమ్మ కూతురి దగ్గరికి వచ్చింది.

"ఆ రోజు నన్ను కూడా ఇట్టాగే ఆపొచ్చు గదే."

"ఆపితే ఏడ్చేదానివమ్మా."

"ఏడ్చేదాన్ని. అన్నం కూడా మానేసేదాన్ని. అయితే మాత్రం? నా ఏడుపుకి భయపడి నీ పని పాడు చేసుకుంటావా?"

ఫెబా కిందికి, తల్లి కాళ్ళ వైపు చూసింది.

"అయితే ప్లేటు దిగమ్మా. నీ చెప్పులకి మట్టుంది."

ఎలీసమ్మ గబగబా దిగింది. ఆమె చూస్తుండగానే ఫెబా వంగి, ఆమె నిలబడిన చోటు గుడ్డతో తుడిచింది.