తోక మెలేసిన చెయ్యి

సత్తెమ్మత్త కొడుకు బాలనర్సింహ ఇటలీ కొండల్లో మంచు కింద చచ్చిపోయి అప్పటికి ఏడాది. పట్నం అంచున జహనుమాలో బర్రెలు కాసుకునే వాడూ నేనూ, యుద్ధంలో పల్టన్‌కు కంచరగాడిదలు తోలడానికి కలిసే పోయాం. నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. మా హవల్దారే వాణ్ణి కొట్టి కొండ మీదికి తోలాడని ఆమెకు ఉత్తరం రాయించాను. అది పచ్చి అబద్ధం. రోజూ పాలు పిండుతూ ఆమె ఆ మనిషికి శాపనార్థాలు పెడుతుంటే పక్క బర్రె దగ్గర కూచుని వినేవాణ్ణి. ఒకనాడు ఇక నా వల్ల కాలేదు.

"అత్తా, హవల్దార్‌ను తిట్టకు. గాయన పోవద్దనే అన్నడు," అన్నాను.

"మరెవడు తోలిండు బీరయ్యా?"

అంతా చెప్పాను. హవల్దారు పుట్టుకతో పహాడీవాడు, మంచుకొండల మనిషి. ఆ మధ్యాహ్నం వాలులో కర్ర గుచ్చి చూశాడు. మంచు పైన మీగడలా కట్టింది, అడుగున చక్కెరలా పొడిపొడి. అడుగేస్తే లోపల ధుప్పుమంటోంది. ఎండకు వదులైంది, తెల్లవారి గడ్డకట్టాక ఒక్కొక్కరే దాటాలని చెప్పి, వెనక వచ్చేవాళ్ళను ఆపడానికి వెళ్ళాడు. కంచరగాడిద కూడా చెవులు నిక్కించి మొండికేసింది. నాకు తిక్కరేగింది. ఎన్ని బర్రెలను మూసీ బురద దాటించాను, ఇదొక లెక్కా? మొండి బర్రెకు మేం చేసేదే దానికీ చేశాను. తోక పట్టి మెలేశాను. ముందు పగ్గం పట్టుకుని బాలనర్సింహ ఉన్నాడు.

అది ఎగిరి దూకింది. వాలంతా ఒక్కసారిగా పగిలింది. మంచు వాణ్ణి బండకేసి కొట్టి లోయలోకి ఈడ్చుకుపోయింది. గోళ్ళూడేదాకా తవ్వాను. దొరికేసరికి మెడ విరిగి ఉంది, నోటి నిండా మంచు.

సత్తెమ్మత్త గుంజకున్న తలుగుతాడు విప్పింది. మొహమని లేదు, వీపని లేదు, బాదింది. పెదవి చిట్లింది, ఒక కన్ను మూసుకుపోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. బర్రె బెదిరి పాలచెంబు తన్నేసింది.

"నా కొడుకు ఏమన్లేదారా?"

"రేపు పోదామన్నడత్తా. నేనే నడువ్‌రా అన్న. వాడింక మాట్లాడలే."

ఆమె చెయ్యి ఆగింది. పేడలోనే కూలబడింది.

"పోయేనాడు నేనే చెప్పిన వానికి. బీరయ్య ఏం చెప్తే గది ఇను బిడ్డా అని."

దెబ్బలకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇంకా కొట్టమని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె కొట్టలేదు.