ఏడు పూటల కథను మింగిన ఎర్ర పెట్టె

నేను ఒక పాటల పెట్టెగా బతికి, చివరికి నల్లటి బిళ్లగా మిగిలినదాన్ని. లౌడ్ స్పీకరు వెనకవైపు ఉండే అయస్కాంతాన్ని. మీరు నన్ను చూసి ఉండరు. మీ కంటికి కనబడేది ముందున్న గుడ్డ, మీ చెవికి వినబడేది లోపలి కాగితపు గరాటు. వాటిని ఆడించేది నేను. ఇనుము దగ్గరికొస్తే పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని వదలకపోవడం, నాకు తెలిసిన విద్య అంతే. ఆ విద్యే ఒక మనిషి బతుకును తినేసింది.

విజయనగరంలో రేడియోలు బాగుచేసే ఓ దుకాణంలో నాకు నడుమెత్తు చెక్క పెట్టె కట్టి ఎర్ర రంగు వేశారు. మొదటి యజమాని నన్ను అద్దెలకు తిప్పాడు. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీ, మధ్యాహ్నం ఇంకో పార్టీ నా గొంతుతోనే ఒకదాన్నొకటి తిట్టుకునేవి. అదే జనం రెండింటికీ చప్పట్లు కొట్టేవారు. మనుషుల మాట మీద నాకు అప్పుడే గౌరవం పోయింది. పాట మీద పోకుండా కాపాడినవాడు పట్నాన వారి అసిరయ్య.

అసిరయ్య జముకుల కథ చెప్పేవాడు. జముకు అంటే చిన్న డోలులాంటిది. ఒక పక్క తోలు, ఆ తోలు నడుమ నుంచి ఒక తీగ. చంకలో ఇరికించుకుని తీగ మీటితే కడుపులోంచి వచ్చినట్టు మోగుతుంది. గురువు దగ్గర అతను అసిరితల్లి కథ నేర్చుకుంటున్నాడు. ఏడు పూటల కథ అది. నాలుగు పూటలు నేర్చేసరికి నన్ను కొన్నాడు. ఇక ఆగలేదు. అమ్మవార్ల సంబరాల్లో నా పక్కన నిలబడి అరగంట ముక్కలు పాడితే జనం ఊగిపోయారు. "మిగిలిన మూడు పూటలూ ఎవుడికిస్తానురా?" అని గురువు అడిగితే, "వొస్తాను మావా, ఈ సంబరాలు అయిపోనీ" అన్నాడు. సంబరాలు అయిపోలేదు. గురువు అయిపోయాడు.

నలభై దాటకముందే అసిరయ్య గొంతు పోయింది. పాడితే ఉన్నదీ పోతుందన్నాడు డాక్టరు. అప్పుడు ఇంట్లో వెనక గదికి గోనెసంచులు కొట్టి, టేపు రికార్డరు పెట్టి, క్యాసెట్లు చెయ్యడం మొదలుపెట్టాడు. నాట్ల పాటలు, వల లాగే పాటలు, తప్పెటగుళ్లు, ఎవరి గొంతు బాగుంటే వాళ్లను బతిమాలి తెచ్చేవాడు. రికార్డింగు జరుగుతుంటే పెళ్లాం గవరమ్మ పెరట్లో కోళ్లను తరుముతూ ఉండాలి.

"కోడి కూస్తే ఏటైపోద్ది? అదీ పాటే గదా," అనేది.

"దానికి తాళం నేదే."

"నీ పాటగాళ్లలో ఎంతమందికున్నాదేటి?"

పదిహేనేళ్లలో ఆ గదిలోంచి వెళ్లిన పాటలు మూడు జిల్లాల సంబరాల్లో మోగాయి. కానీ అసిరయ్యకు ఒక్కటే దిగులు. ఆ ఏడు పూటల కథ పూర్తిగా తెలిసిన మనిషి ఇక ఒక్కరే మిగిలారు. గురువు పెళ్లాం దాలమ్మ. డెబ్బై దాటిన మనిషి.

వాళ్లలో ఒక ఆచారం ఉంది. కథను ఒకరికి అప్పగిస్తే, ఇచ్చినవాళ్లు జముకు కింద పెట్టేయాలి. మళ్లీ ఆ కథ నోట పలక్కూడదు. దాలమ్మకు శిష్యులు లేరు. ఆరునెలలు తిరిగి, కాళ్లు పట్టుకుని, అసిరయ్య ఆవిడను ఒప్పించాడు.

"అంటే ఈ డబ్బీకి అప్పగించమంటావు," అంది దాలమ్మ టేపు రికార్డరును వేలితో పొడిచి. "ఇది నీలాగ మద్దెలో లెగిసి పారిపోదు గదా?"

అసిరయ్య తల దించుకున్నాడు. "పారిపోదత్తా."

ఏడు పొద్దులు, ఏడు క్యాసెట్లు. దాలమ్మ పాడుతున్నంతసేపూ అసిరయ్య కళ్లు రికార్డరు మీది సూది మీదే. అది ఎర్రగీత దాటకూడదు. ఐదో పూటలో అసిరితల్లి ఏరు దాటబోతుంటే పడవవాడు అడ్డుపడి, "ఎవరి దానివి నువ్వు?" అని అడుగుతాడు. తల్లి చెప్పిన జవాబుకు గుమ్మంలో ఉన్న గవరమ్మ చేట కింద పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చింది. అసిరయ్య ఆమె వైపు చిరాగ్గా చూసి, ఏడుపు మైకులో పడకుండా తలుపు మూశాడు. పూట ముగిశాక పాడినదంతా దాలమ్మకు నాలోంచి వినిపించేవాడు. అప్పుడూ బుయ్యిమనే చప్పుడు వస్తోందేమోనని విన్నాడు గానీ కథ వినలేదు. తీరిగ్గా వినొచ్చులే అనుకున్నాడు. అలా ఏడు పూటలూ, దాలమ్మ తర్వాత, నేనే పాడాను.

ఏడో రోజు ఆవిడ జముకు కింద పెట్టింది. "మూడేళ్లకి తల్లి సంబరం. అందాకా ముట్టుకోకు. అక్కడే, పదిమందిలో ఇప్పాలి," అంది.

క్యాసెట్ల వెనక ఉండే చిన్న రెక్కలు విరిచేశాడు అసిరయ్య, పొరపాటున కూడా వాటి మీద ఇంకో పాట ఎక్కకుండా. ఎలుకలకు వేపాకు వేశాడు. పసుపు గుడ్డలో మూట కట్టాడు. అన్నీ చేశాడు. ఇంతలో తుపాను వచ్చింది. పెరటివైపు రేకులు లేచిపోయాయి, ఇల్లంతా నీళ్లు. అటక మీదున్న నేనొక్కదాన్నే పొడిగా ఉన్నాను. నా వెనక చెక్క విప్పి మూటను లోపల పెట్టాడు. క్యాసెట్లకుండే బుల్లి ఇనప మరల్ని నేను లాగాను. మూట తనంతట తానే జరిగొచ్చి నన్ను టక్కున కరుచుకుంది.

"సూసినావా?" అన్నాడు అసిరయ్య మురిసిపోతూ. "పెట్టె పట్టుకున్నాది. ఇంక ఒగ్గదు."

అయస్కాంతం పక్కనుంటే టేపు మీది పాట చెరిగిపోతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. పాట గురించి తెలిసిందంతా చెవితో నేర్చుకున్నదే. నేను చెప్పగలనా? ఊరంతా వినేలా అరిచినదాన్నే, కానీ ఎవరో ఇచ్చిన మాట తప్ప సొంత మాట ఒక్కటీ లేనిదాన్ని. మూడేళ్లు దాన్ని కౌగిలించుకుని కూర్చున్నాను. రోజూ కొంచెం కొంచెం చెరిపాను.

సంబరం రోజు నన్ను బండి మీద ఊరేగించారు. దాలమ్మను ముందు వరసలో నులకమంచం మీద కూర్చోబెట్టారు. మైకు సెట్టు తవిటయ్య కొత్త స్పీకర్లతో సిద్ధంగా ఉన్నాడు. హారతి ఇచ్చి, అసిరయ్య నా వెనక చెక్క విప్పాడు. మూటను లాగాల్సి వచ్చింది, అంత గట్టిగా పట్టుకుని ఉన్నాను. అది చూసి తవిటయ్య ముఖం మారిపోయింది.

"ఇది ఇందల ఎన్నాళ్లై ఉన్నాది మావా?"

"మూడేళ్లు. ఏటి?"

తవిటయ్య మొదటి క్యాసెట్టు పెట్టాడు. స్... మని చప్పుడు. రెండోది అంతే. మూడోది. జనంలో ఎవరో, "జోల పాటలాగున్నాది, నిద్రొస్తంది!" అని ఈల వేశారు.

దాలమ్మ చెవి ఒగ్గి వింటోంది. "ఏటిరా అసిరిగా, వాన కురస్తన్నట్టున్నాది?"

ఆరో క్యాసెట్టు దాకా అదే చప్పుడు. నా నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్నది ఏడో క్యాసెట్టు. అది తిరిగి తిరిగి, కట్టకడపట, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు దాలమ్మ గొంతు వినిపించింది. ముందు దగ్గు. తర్వాత, "అయిపోనాది బావూ. ఇంక నా కాడ ఏటీ నేదు."

అసిరయ్య మంచం ముందు సాగిలపడ్డాడు. "అత్తా, ఇంకొక్కపాలి. పాపం నాకే రానీ. ఒక్కపాలి పాడత్తా."

దాలమ్మ ఆచారం తప్పి జముకు అందుకుంది. వేళ్లు తీగను సరిగ్గానే మీటాయి. నోరు తెరిచింది. తల్లికి దండం పెట్టే మొదటి నాలుగు చరణాలు వచ్చాయి. ఆ తర్వాత నోరు తెరిచే ఉంది, మాట రాలేదు.

"నేదురా అసిరీ. నిజంగా ఇచ్చీసినాను," అంది.

ఆ చలికాలం ఆవిడ దాటలేదు.

అసిరయ్య గవరమ్మను అడిగాడు, ఆ పడవవాడికి తల్లి ఏం చెప్పిందని. "ఏడిసినాను గానీ మాట గురుతు నేదయ్యా," అంది ఆమె. ఆ మధ్యాహ్నమే అతను గునపం తెచ్చి నన్ను పొడిచాడు. చెక్క ముక్కలైంది, కాగితపు గరాటు చిరిగి మురుగుకాలవలో పడింది. పాత ఇనప సామాను కొనేవాడు నన్ను మాత్రం ఏరుకుని, నా నడుమ చిల్లులోంచి తాడు కట్టాడు. ఇప్పుడు అతను నన్ను వీధుల్లో ఈడ్చుకుపోతుంటాడు. మేకులు, బ్లేడ్లు, ఎద్దుల నాడాలు వచ్చి నన్ను కరుచుకుంటాయి. నేను వదలను.

ఈ దారి అసిరయ్య అరుగు ముందు నుంచే పోతుంది. అతను చంకలో జముకు పెట్టుకుని, డాక్టరు వద్దన్న ఆ చిరిగిన గొంతుతో, నాలుగు పూటలూ పాడతాడు. ఐదో పూటకు వస్తాడు. తల్లి ఏటి ఒడ్డుకు వస్తుంది. పడవవాడు అడుగుతాడు, "ఎవరి దానివి నువ్వు?"

అక్కడ ఆగిపోతాడు.

తర్వాతి మాట నాకు తెలుసు. ఆ గదిలో, దాలమ్మ గొంతుతో, నేనే అన్నాను దాన్ని. అతను పెదవులు తడుపుకుంటాడు, తీగ మరోసారి మీటుతాడు, మళ్లీ పడవవాడి చేత అడిగిస్తాడు. ఆ అరుగు ముందు, దుమ్ములో, రెండు మేకులు పట్టుకుని నేనుంటాను.

తాడు బిగుసుకుంటుంది. వెనక అసిరయ్య మళ్లీ మొదటి పూట ఎత్తుకుంటాడు.