నా పరాయి కాదు, నాపరాయి

నేను ఒక నాపరాయి బండను. రాయి గురించి ఎవరూ రాయరు గనక నేనే రాసుకుంటున్నాను. పిడుగురాళ్ల దగ్గర క్వారీలో పడుకున్నవాణ్ణి లేపి, చదరంగా కోసి, మొహానికి పాలిష్ పట్టి, వీపును మాత్రం పుట్టినప్పటిలాగే గరుగ్గా వదిలేశారు. రెండేళ్లు షాపు గోడకు ఆనుకున్నాక, నరసరావుపేటలో కోటిలింగం గారి పెరట్లోకి నమూనాగా వచ్చాను. పోటీకి తళతళలాడే టైలు, నాలుగు సిమెంటు దిమ్మెలు.

పరిచేది రాళ్లే గానీ, తేలాల్సింది ఆయన భార్య సుగుణమ్మ గారి నడక. పోయిన వానాకాలం ఆ పెరటి గచ్చు మీదే జారి తుంటి విరిగింది. రాడ్డు వేశారు. మళ్లీ పడితే ఇక మంచమేనన్నాడు డాక్టరు. అప్పటి నుంచి తన మల్లెపందిరిని కిటికీలోంచే చూస్తోంది.

"టైలు వేద్దామే, అద్దంలా ఉంటది. దీని పేరులోనే ఉందిగా, నా పరాయి అని! పరాయిదాన్ని ఇంట్లో పెట్టుకుంటామా?" అన్నాడు కోటిలింగం. ఆయనకు మెరుపు మీద పట్టుదల, ఆవిడకు కావలసింది కాలికి పట్టు.

"పరాయిదో కాదో కాలే చెబుద్ది. సబ్బునీళ్లు పొయ్యి సైదులూ," అంది సుగుణమ్మ.

మేస్త్రీ సైదులు పోశాడు. టైలు మీద ఆవిడ చేతికర్ర సర్రున జారింది. కోటిలింగం భుజం అందబట్టి సరిపోయింది. దిమ్మెలు జారలేదు గానీ వాటి సందులో కర్ర ఇరుక్కుంది.

ఇక నేను. మీరు గుండె రాయి చేసుకుంటారే, నాకు ఒళ్లంతా అదే. అయినా దడ పుట్టింది. సైదులు నన్ను పాలిష్ మొహం పైకి పెట్టాడు! ఆగమ్మా, అని అరుద్దామంటే నోరేది? ఆవిడ పాదం లేచింది. కర్ర అంగుళం జారింది. పాదం గాల్లోనే ఆగింది.

"చూశావా, ఇదీ జారుడుబండే!" అన్నాడు కోటిలింగం.

ఆవిడ వంగి నా అంచు కింద వేలితో తడిమింది.

"ఏందయ్యా సైదులూ, అట్టు తిరగెయ్యకుండానే దించుతావా? తిప్పు."

"వీపు పైకేస్తే చూసినోళ్లు నవ్వుతారమ్మా."

"చూసినోళ్లు నా తుంటి మోస్తారా?"

తిప్పాడు, మళ్లీ నీళ్లు పోశాడు. కర్ర ఆనింది, కదల్లేదు. చెప్పులు విడిచింది. కుడి పాదం. తర్వాత ఎడమది. రెండూ నా మీదే. కోటిలింగం చెయ్యి చాచాడు.

"నన్ను కాదు, దీన్ని పట్టుకో," అని కర్ర ఆయన చేతికిచ్చింది.

ఇప్పుడు ఆ పెరట్లో నూట ఇరవై మందిమి బోర్లా పడుకున్నాం. పాలిష్ పట్టిన నా మొహం ఎలా ఉంటుందో నేనే మరిచిపోయాను. మల్లెలు కోయడానికి వచ్చే ఆవిడ పాదాలు మాత్రం నా వీపుకు కంఠతా వచ్చు.