వైఫై ముట్టని పెద్దమనిషి

వృత్తం సగం గీసేసరికి తెర బిగుసుకుపోయింది. పిల్లలు తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఆగిపోయారు. మూల గడిలో ప్రిన్సిపాల్ మేడమ్ ముఖం కూడా ఆగిపోయింది. ఆవిడ ఈ రోజు వచ్చింది పాఠం వినడానికి కాదు, ఈ లెక్కల టీచరమ్మని ఉంచాలా, పీకెయ్యాలా తేల్చుకోవడానికి.

టీచరమ్మ బడి వంటగదిలో, పొయ్యి పక్క గట్టు మీద. బియ్యం డబ్బా మీద లాప్‌టాప్. కుక్కర్ కూతేస్తే మైకు నొక్కెయ్యాలి, కూత ఆగాక మళ్ళీ తియ్యాలి. లాక్‌డౌన్ పెట్టిన రోజే మొగుడుగారు తలుపున్న పడకగదిని తన ఆఫీసుగా ప్రకటించేసుకున్నాడు. హాలు అత్తగారికీ, పాపకీ. మిగిలిన ఆ గట్టే ఈవిడ గారికి.

"మళ్ళీ పోయిందా?" పడకగది తలుపు సందులోంచి మొగుడుగారి తల బయటికొచ్చింది. "చెప్తే వింటారా మీరు? అమ్మ సీరియళ్ళు, పాప రీల్స్, నీ వంటల వీడియోలు! ఆడవాళ్ళ చేతికి నెట్ ఇస్తే ఇంతే."

"సీరియల్ చూసి ఎన్ని రోజులైందిరా! వద్దన్నావని ఫోనే ముట్టుకోవట్లేదు," అన్నారు అత్తగారు హాల్లోంచి.

"నా ఫోను నీ బీరువాలోనే ఉంది కదా నాన్నా!" పాప అందుకుంది.

"అంటే నేనంటారా? నాకు ఆఫీసు వాళ్ళిచ్చిన నెట్ వేరే ఉంది. మీ వైఫై నేను ముట్టను కూడా ముట్టను. మీటింగ్‌లో ఉన్నాను, గోల చెయ్యకండి."

తలుపు పడింది. ఈ ఇంటి డిటెక్టివు ఆయనే, జడ్జీ ఆయనే. తల్లిని మందలించాడు, కూతురి ఫోనుకి తాళం వేశాడు, పెళ్ళాన్ని రోజూ బోనెక్కించాడు. అయినా క్లాసు వేళకి నెట్ చస్తూనే ఉంది. అంత గొప్ప బుర్రకి, అనుమానించడానికి ఒక్క మగాడు కూడా తట్టలేదు.

గట్టు మీద ఫోను మోగింది. ప్రిన్సిపాల్ మేడమ్. టీచరమ్మ స్పీకర్ నొక్కింది.

"రోజూ ఇదేం తంతమ్మా? మన సార్లెవరికీ రాని కష్టం నీకే ఎందుకొస్తోంది?"

వాళ్ళకి తలుపులున్నాయి మేడమ్, అనబోయి మింగేసింది.

"కారణమేంటో ఇప్పుడే చెప్పు. లేదంటే రేపట్నుంచి నీ క్లాసు ఇంకొకరికిచ్చేస్తా."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి మేడమ్."

ఆమె కళ్ళు గోడ మీది రౌటర్ మీద పడ్డాయి. పచ్చదీపాలు పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. అంటే నెట్ చావలేదు, ఎవరో పీల్చేస్తున్నారు. అత్తగారి ఒళ్ళో కూరగాయలు. పాప చేతిలో పుస్తకం. పోతే, వైఫై ముట్టని పెద్దమనిషి ఒకడున్నాడు. ముట్టనివాడికి అది ఉంటేనేం, ఊడితేనేం?

టీచరమ్మ స్విచ్ కట్టేసింది.

దీపాలు ఆరిపోయాయి.

"చచ్చాన్రోయ్!"

పడకగది తలుపు గోడకి కొట్టుకుంది. మొగుడుగారు ఊడిపడ్డాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు, మెడలో హెడ్‌ఫోన్లు. "ఎవరే వైఫై ఆపింది? ఇంకొక్కణ్ణి లేపేస్తే గెలిచేవాణ్ణి! నా ఆట లైవ్‌లో పెట్టాను, ఫ్రెండ్సందరూ చూస్తున్నారు!"

హాల్లో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. పాప పుస్తకం అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. అప్పటికి గాని తన నోరే తనని పట్టించిందని ఆయనకి వెలగలేదు.

"ఎవరమ్మా ఆ అరుపులు?" ఫోన్లో మేడమ్. "ఎవర్ని లేపేస్తాడట?"

ఆయన రెండు చేతులూ ఊపాడు, చెప్పొద్దని. మీటింగ్ అని చెప్పమన్నట్టు పెదాలు కదిపాడు. అత్తగారికి కొడుకు మీద జాలి పొంగింది. "అది కాదమ్మా, మా ఇంట్లో కరెంటూ..."

"కరెంటుకేం కాలేదత్తయ్యా," అంది టీచరమ్మ. ఫోను నోటికి దగ్గరగా తీసుకుని, మొగుడి నిక్కరు నుంచి ఇస్త్రీ కాలరు దాకా ఒకసారి చూసింది. "రేపట్నుంచి నా క్లాసు ఆగదు మేడమ్. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరు చంపుతున్నారో ఇప్పుడే తెలిసింది."

"ఎవరు?"

"మా ఆయన!"