బీరువాకి నాలుగు పూతలు

నడుం పట్టేసి వంగలేక, బీరువాల పెయింటర్ ఆవేళ కాస్త వెనక్కి నిలబడ్డాడు. జానెడు దూరంలో పట్టాల్సిన స్ప్రే గన్నుని రెండు జానల దూరంలో పట్టాడు. దూరం రెట్టింపయింది కదా అని ఒక పూతకి బదులు రెండు వేశాడు. అయినా అడుగున ఇనుము వెక్కిరిస్తూనే ఉంది. నీళ్ల రంగు అంటగట్టాడని కొట్టువాణ్ణి నానా తిట్లూ తిట్టాడు.

అంతలో, అతను ఇంట్లో మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని భార్య రుసరుసలాడుతూ వచ్చింది. ఆవిడ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది.

"కొట్టువాణ్ణెందుకు ఆడిపోసుకుంటారు? దూరం రెట్టింపయితే రంగు పడే చోటు వెడల్పూ రెట్టింపే, ఎత్తూ రెట్టింపే. అదే రంగు నాలుగింతల చోటుకి సరిపోవాలి. నాలుగు పూతలు వెయ్యండి. దీపం వెలుగైనా, సూర్యుడు భూమిని లాగే బలమైనా అంతే. దారిలో అలిసిపోదు, నలుదిక్కులా పరుచుకుని పల్చబడుతుంది."

పెయింటర్ బుర్ర గోక్కుని, మెల్లిగా నవ్వాడు.

"మరి నీ కోపమో? ఇంటి నుంచి ఇక్కడికి పది వీధులు. పిసరంత కూడా పల్చబడలేదే!"

"అది నలుదిక్కులా పోతేగా?" అంటూ ఆవిడ క్యారేజీ మూత తీసి అతని ముందుకు జరిపింది. "సూటిగా మీ ఒక్కరి మీదికే వస్తుంది."